ఊగని కుర్చీ

మా మేస్త్రీ సంగతి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరువాతే మాట వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన చేసిన కుర్చీలకు రంగు వేస్తున్నవాణ్ణి నేను. ఆయన కర్ర కోస్తాడు, నేను పాలిష్ పడతాను. నన్ను రంగులయ్య అంటాడు, నేను మేస్త్రీ అంటాను. మా అసలు పేర్లు కాగితాల మీద సంతకాలకు తప్ప ఎందుకూ అక్కరకు రాలేదు.

మాది రెండు గదుల రేకుల షెడ్డు. ముందు గదిలో కిటికీ పక్కన మేస్త్రీ పనిబల్ల. ఆయన పొట్ట ఆనీ ఆనీ దాని అంచు నున్నగా అరిగిపోయింది. ఆయన చేసేది కుర్చీలే. ఎవరైనా మంచం అడిగితే ఎదురు వీధి చూపిస్తాడు. గుమ్మం దగ్గర ఒక నున్నటి రాతిపలక ఉంది. తయారైన ప్రతి కుర్చీనీ దాని మీద నిలబెట్టి, నాలుగు మూలలా బొటనవేలితో నొక్కుతాడు. టక్కున చప్పుడు వచ్చిందా, ఆ కుర్చీ మళ్లీ బల్ల ఎక్కాల్సిందే. "నా కుర్చీ ఊగదు" అనేది ఆయన జీవితంలో చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప.

ఇంకో సంగతి. కూర్చునే పీట ఎత్తు పదిహేడు అంగుళాలు ఉండాలి. అది ఆయన టేపుతో కొలవడు. కాలు పక్కన పెట్టుకుని మోకాలితో చూసుకుంటాడు. నేను అనుమానం కొద్దీ టేపు పెట్టిన ప్రతిసారీ పదిహేడే. "టేపు నమ్మకం లేనోళ్ల పనిముట్టు రా రంగులయ్యా" అనేవాడు నవ్వుతూ. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆయన కొడుకుని మేము చిన్న మేస్త్రీ అంటాం. చిన్న అన్నామే గాని నలభై రెండేళ్లు, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. పనిలో తండ్రికి తీసిపోడు. అయినా వచ్చినవాళ్లు అతని భుజం మీదుగా లోపలికి తొంగి చూసి, "పెద్దాయన లేరా?" అని అడుగుతారు. అడిగినప్పుడల్లా అతను రంపం కింద పెట్టి ఒక నిమిషం చేతులు దులుపుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. చూసి ఏం లాభం, అప్పుడు నాకు అర్థం కాలేదు.

పోయిన చలికాలంలో మేస్త్రీకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇరవై రోజులు ఆసుపత్రి మంచం మీదే. డెబ్బై మూడేళ్ల మనిషి, బతికి బట్టకట్టాడు, అంతే సంతోషం అనుకున్నాం. ఇంటికి వచ్చాక చూస్తే తొడలు సగానికి సగం తీసిపోయాయి. పంచె కట్టుకుంటే కర్రకు చుట్టినట్టుంది. నాలుగు రోజులకే ఆగలేక షెడ్డుకు వచ్చేశాడు. కింద ఉన్న చెక్క తీయబోయి వంగాడు, మోకాళ్లు రెండూ ఒక్కసారిగా వదిలేశాయి. పడిన చోటికీ తిరుగుతున్న రంపం మిషనుకీ మధ్య జానెడు దూరం. నేను వెళ్లి స్విచ్చి ఆపాను.

చిన్న మేస్త్రీ ఆయన్ని లేపి, పొట్టు దులిపి, "ఇక ఇంట్లో ఉండు నాన్నా" అన్నాడు.

"ఎన్నాళ్లు?" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు క్లినిక్కు తీసుకెళ్లాం.

అక్కడి డాక్టరు ముక్కుసూటి మనిషి. "జబ్బు పోయింది. మంచం మీద పడుకున్నందుకు కండ కరిగింది. ఈ వయసులో కరగడం తేలిక, తెచ్చుకోవడం కష్టం. కష్టమన్నానంతే, కుదరదనలేదు" అన్నాడు. పాలలో కలుపుకునే ప్రొటీన్ పొడి, విటమిన్ డి మాత్రలు రాశాడు. "పొడి తాగి కూర్చుంటే కండ రాదు పెద్దాయనా. వ్యాయామం చేయాలి. తిండి లేకుండా వ్యాయామం ఒక్కటే చేసినా లాభం లేదు, ఇటుకలు ఇవ్వకుండా గోడ కట్టమన్నట్టు ఉంటుంది" అని పక్క గదిలోకి పంపాడు.

పక్క గదిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ఉంది. మేస్త్రీని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకోమంది. చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. గడియారం పట్టుకుంది. ఇరవై నాలుగు సెకన్లు పట్టింది. చివరిసారి లేచేటప్పుడు ఆయన గడ్డం వణికింది.

"పదిహేను లోపు రావాలి తాతయ్యా. ఇంట్లో ఒకే కుర్చీ మీద, గోడకు ఆనించి చేయండి. దాని ఎత్తు ఎంతో కొలిచి రాయండి" అంది.

"పదిహేడు అంగుళాలు" అన్నాడు మేస్త్రీ.

"కొలిచారా?"

"నేనే చేశానమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి కాగితం మీద పదిహేడు అని రాసుకుంది.

షెడ్డు గుమ్మంలో, ఆ రాతిపలక పక్కనే నిలబడి, చిన్న మేస్త్రీ మాటిచ్చాడు. నేను సాక్షిని. "పదిహేను సెకన్లలో ఐదుసార్లు లేచిన రోజున వచ్చెయ్ నాన్నా. నీ బల్ల నీదే. ఎవర్నీ చేయి పెట్టనివ్వను." మేస్త్రీ తల ఊపి, బల్ల అంచు ఒకసారి తడిమి, ఇంటికి వెళ్లాడు. ఆయనకు కావలసింది ఆ ఒక్కటే. మందులూ మాటలూ ఓదార్పులూ కాదు, ఆ బల్ల.

ఇంట్లో పరీక్షకు పెట్టుకున్న కుర్చీ ఏదనుకున్నారు? పెళ్లైన ఏడాది తన భార్య కోసం, అంటే నేను వదిన అని పిలిచే ఆవిడ కోసం చేసిన కుర్చీ. ముందు గదిలో గోడ వారగా ఉంటుంది. నలభై తొమ్మిదేళ్లుగా ఒక్క కీలు కదల్లేదు. ఇక అది పరీక్ష కుర్చీ, ఎవరూ కూర్చోకూడదని ఆయన హుకుం.

పొద్దున్నే వదిన గ్లాసు పాలలో రెండు చెంచాల పొడి వేసి, గడ్డ కట్టకుండా తిప్పి తిప్పి ఇచ్చేది. "గోడకు కొట్టాల్సిన సున్నం నాకు పోస్తున్నావు" అనేవాడు ఆయన. "గోడైతే ఇన్ని వంకలు పెట్టదు, తాగండి" అనేది ఆవిడ. తరువాత వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, కిటికీ ఊచకు కట్టిన రబ్బరు పట్టీ కాలితో లాగడం, మేడ మెట్లు ఎక్కి దిగడం. ఆపైన అరగంట నడక. పనిలో ఎంత మొండివాడో ఇందులోనూ అంతే. ఆదివారం ఆదివారం పరీక్ష. గడియారం పట్టుకునేది వదిన.

మొదటి ఆదివారం ఇరవై రెండు. రెండోది ఇరవై. మూడోది పద్దెనిమిదిన్నర. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "చెక్క రుద్దే నా ఉప్పుకాగితం మీద ఎవడూ చెయ్యి వేయకూడదని చెప్పు" అన్నాడు. నేను ఆ మాట చిన్న మేస్త్రీ చెవిన వేశాను. అతను "మంచిది" అన్నాడు. మొహం మాత్రం మంచిగా లేదు.

నాలుగో ఆదివారం ఇరవై ఒకటి.

ఏదో నలత అనుకున్నాం. ఆయన పట్టు వదల్లేదు. మళ్లీ పంతొమ్మిదికి తెచ్చాడు. ఆ తరువాతి వారం ఇరవై రెండు. మళ్లీ కిందికి తెచ్చాడు, మళ్లీ పైకి పోయింది. విచిత్రం ఏమిటంటే, మనిషి కళ్లెదుటే గట్టిపడుతున్నాడు. నీళ్ల డబ్బా మేడ మీదకు తనే మోస్తున్నాడు. వదిన తీయలేని సీసా మూత ఒక్క తిప్పుకి తీస్తున్నాడు. తొడలు నిండాయి. ఆ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మోకాళ్లు పైకి లేచి, నడుం కూరుకుపోయి, కిందా మీదా పడేవాడు.

"పొడిలో పస లేదు" అన్నాడు ఒక రోజు. మరో రోజు, "ఆ పిల్లకి నేర్పడం రాదు" అన్నాడు. ఇంకో రోజు పరీక్ష అయ్యాక మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని కూర్చుని, "నాలోనే ఏదో పోయింది రా" అన్నాడు. వదిన గడియారం ఒళ్లో పెట్టుకుని కిందికి చూస్తూ ఉంది. పాపం, ఎంత బాధపడుతోందో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పదకొండో వారం మేస్త్రీ తన ఉలుల పెట్టె నా చేతిలో పెట్టాడు. "వాడికిచ్చెయ్. ఇక నేను రానని చెప్పు" అన్నాడు. ఆ పెట్టె మోసుకుని షెడ్డుకు నడిచిన దూరం నేను మరిచిపోను. కోపం వచ్చింది గాని, ఎవరి మీదో తెలియలేదు. చిన్న మేస్త్రీ పెట్టె అందుకుని అటక మీద పెట్టాడు. మూడు రోజులు తిరక్కుండా మేస్త్రీ బల్లను వెనక గదిలో గోడకు నిలబెట్టి, దాని చోట కొత్త మిషను బిగించాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. మేస్త్రీకి చెప్పలేదు కూడా. అదీ నా ఖాతాలోకే.

మూడు నెలలకు క్లినిక్కు రమ్మన్న రోజు వచ్చింది. మేస్త్రీ ససేమిరా అన్నాడు. వదిన కూడా, "ఎందుకులే తమ్ముడూ, ఎండ మండిపోతోంది, ఆయన మనసు ఇంకా విరుగుతుంది" అంది. నాకు ఒళ్లు మండింది. "విరగడానికి ఇంకేం మిగిలింది వదినా" అని చేయి పట్టుకుని లాక్కెళ్లాను.

ఆ అమ్మాయి అదే గదిలో అదే కుర్చీలో కూర్చోబెట్టింది. మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు, ఎలాగూ తప్పదన్నట్టు. లేచాడు. కూర్చున్నాడు. లేచాడు. నేను లెక్కపెట్టడం కూడా మరిచిపోయాను.

"పన్నెండు సెకన్లు" అంది ఆ అమ్మాయి.

మేస్త్రీ నమ్మలేదు. ఇంకోసారి చేయించమన్నాడు. మళ్లీ పన్నెండే. ఆ అమ్మాయి ఇంటి కాగితం చూసింది. చివరగా చేసిన పరీక్షలో ఇరవై ఒకటి అని వదిన చేతిరాత. కాగితాన్నీ మనిషినీ మార్చి మార్చి చూసి, "తాతయ్యా, ఇంట్లో కుర్చీ ఒకసారి కొలుస్తారా?" అని మెల్లగా అడిగింది.

"అది నా కుర్చీ" అన్నాడు మేస్త్రీ. తిరిగొచ్చేటప్పుడు వీధి మొదట్లో సామాన్ల కొట్టు దగ్గర ఆగి ఒక టేపు తీసుకున్నాడు. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన టేపు కొనడం నేను చూడలేదు.

ఇంటికి వచ్చి, కుర్చీ పక్కన టేపు సాగదీశాడు. పదిహేనున్నర.

మళ్లీ పెట్టాడు. పదిహేనున్నరే. కుర్చీ తిరగేసి నేల మీద పెట్టాడు. కాళ్ల అడుగున ఆయన ఎప్పుడూ రంగు వేయించడు, తడి ఎక్కకుండా మైనం రుద్దుతాడు. ఇప్పుడు ఆ నాలుగు కాళ్ల అడుగునా రంగు ఉంది. గోటితో గీరాడు. లోపల కర్ర తెల్లగా, కొత్తగా ఉంది. గీరిన గోరు ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూశాడు.

"నీ రంగే ఇది."

పాత కర్ర రంగు నేను కలిపే పాళ్లు ఇంకెవరికీ తెలియవు. రెండు నెలల కింద చిన్న మేస్త్రీ ఎవరిదో పాత కుర్చీ ఉందని చెప్పి చిన్న సీసాడు అడిగాడు. అయిపోయిందని మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చాను. ఆ మాటే చెప్పాను. చెప్తుంటే నాకే నా గొంతు దొంగ గొంతులా వినిపించింది. నేను మంచివాడినని తెలిసే నన్ను వాడుకున్నాడు. ఇప్పుడు తలుచుకున్నా పళ్లు నూరుకుంటాను.

మేస్త్రీ కుర్చీని మళ్లీ నిలబెట్టి, నాలుగు మూలలా బొటనవేలితో నొక్కాడు. చప్పుడు లేదు.

"ఊగడం లేదు" అన్నాడు. "నాలుగూ సమానంగా కోశాడు. నేను నేర్పినట్టే కోశాడు." ఆ గొంతులో కోపం కంటే ముందు వేరే ఏదో పలికింది. కొడుకు పనితనం చూసి మురిసిన తండ్రి గొంతు అది. కాలి అంచు వేలితో తడిమాడు. ఎక్కడా పెచ్చు లేవలేదు.

"రంగులయ్యా, ఇది ఒక్కడి పని కాదు. ఒక మనిషి కుర్చీని పడుకోబెట్టి మోకాళ్లతో అదిమి పట్టుకోవాలి. లేకపోతే రంపం అదిరి అంచు పెచ్చులేస్తుంది. ఎవరు పట్టుకున్నారు?"

"నేను కాదు" అన్నాను.

వంటింటి గుమ్మంలో చెంచా చప్పుడు ఆగింది. వదిన గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున తాగకుండా వెళ్లిన పాలు, మళ్లీ కలిపి తెచ్చింది.

"నేనే పట్టుకున్నాను" అంది.

మేస్త్రీ చాలాసేపు ఆవిడ చేతుల వైపే చూశాడు. మొహం వైపు చూడలేదు.

"మీరు నడకకి వెళ్లినప్పుడు వాడు వచ్చేవాడు" అంది. "ఆ రంపం పక్కన పడ్డారే, ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఇంట్లో నా కళ్లెదుట ఉంటే చాలనుకున్నాను. వద్దని చెప్తే మీరు వింటారా?"

"మరి రోజూ ఈ గ్లాసు ఎందుకిచ్చావు?"

"బలం రావాలని."

"బలం రావాలి, లేవకూడదు. అంతేగా?"

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లి, ఖాళీ అయిన పొడి డబ్బా ఒకటి తెచ్చింది. మూత తీసి నేల మీద వంచింది. అరంగుళం మందాన కోసిన కర్ర బిళ్లలు. "మీరు చేసిన కర్ర, పారేయడానికి చేతులు రాలేదు" అంది. మేస్త్రీ చతికిలబడి, వాటిని నాలుగేసి చొప్పున వరసగా పేర్చాడు. మూడు వరసలు వచ్చాయి.

"ఒకసారి కోశారంటే భయపడ్డారనుకుంటాను" అన్నాడు. "నేను మళ్లీ లేచాను. మళ్లీ కోశారు. మళ్లీ లేచాను." మూడో వరస మీద చేయి పెట్టాడు. "ప్రతి ఆదివారం గడియారం పట్టుకుని నా ఎదురుగానే కూర్చున్నావు కదే. నాలో ఏదో పోయిందని నేనంటుంటే విన్నావు కదే."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆడమనిషి ఏడుస్తుంటే అరవలేక కాళ్లు కాలిన పిల్లిలా గదిలో తిరిగాను. చివరికి నేనే ఫోన్ చేసి చిన్న మేస్త్రీని పిలిచాను.

అతను వచ్చి, గుమ్మంలోనే ఆ మూడు వరసలు చూసి నిలబడిపోయాడు. "నీకేమైనా అవుతుందని నాన్నా" అని మొదలుపెట్టి నీళ్లు నమిలాడు. అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. "నువ్వు ఆ బల్ల దగ్గర ఉన్నంత కాలం నేను చేసిన కుర్చీ కూడా నీదే అంటారు. నాకు నలభై రెండేళ్లు నాన్నా."

మేస్త్రీ తల ఊపాడు. "నిజమే. అది నోటితో చెప్పాల్సింది రా. రంపంతో చెప్పావు."

తరువాత నా వైపు తిరిగాడు. "నా బల్ల ఎక్కడుంది?"

వెనక గదిలో ఉందని చెప్పాను. అప్పటికైనా చెప్పాను.

మర్నాడు పొద్దున ఆయన వచ్చాడు. నేను ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని బల్లను ముందు గదిలోకి లాగాం. కిటికీ దగ్గర మిషను ఉంది కాబట్టి తలుపు పక్కన వేశాం. అక్కడ వెలుతురు తక్కువ. ఆయన అదేమీ అనలేదు. ఉలుల పెట్టె చిన్న మేస్త్రీయే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఒకే గదిలో పని చేసుకుంటారు. కర్ర గురించి మాట్లాడుకుంటారు, ఇంకేమీ మాట్లాడుకోరు. "పెద్దాయన లేరా?" అని ఎవరైనా అడిగితే మేస్త్రీ తల ఎత్తకుండా, "చిన్నాయన్ని అడగండి" అంటాడు. నా దగ్గర రంగు కలిపించుకోవడం మాత్రం మానేశాడు. తనే కలుపుకుంటాడు. అంత బాగా కుదరదు. కుదరదని చెప్పే మొహం నాకు లేదు.

ఆ కుర్చీ ఇంకా అంతే ఉంది. ముక్కలు అతికించి సరిచేస్తానని కొడుకు అడిగితే ఒప్పుకోలేదు. "దాని మీదే లేస్తాను" అన్నాడు. లేస్తున్నాడు కూడా. పోయిన ఆదివారం ఆ పొట్టి కుర్చీ మీద పద్నాలుగు సెకన్లు. గడియారం నేను పట్టుకున్నాను. పొడి తనే రెండు చెంచాలు కొలిచి వేసుకుని, తనే తిప్పుకుంటాడు. గడ్డలు కట్టినా అలాగే మింగేస్తాడు.

కూర్చునే ముందు రోజూ ఒక పని చేస్తాడు. జేబులోంచి టేపు తీసి, కుర్చీ తిరగేసి, నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే కొలుస్తాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, ఆయన నాలుగో కాలు కొలిచేదాకా చూస్తూ ఉంటుంది. ఇవాళ కూడా కొలిచాడు.